అలసంద ఆకు మీద మచ్చల లెక్క

జూలై 20

నలభై కుండీల్లో సి-152 రకం అలసంద గింజలు వేశాను. కుండీకి మూడు. మొలిచాక ఒక్కటి ఉంచి మిగతావి పీకేయాలి. మట్టిని నిన్ననే ఆటోక్లేవ్‌లో ఉడికించి ఆరబెట్టాం. ఉడికిన మట్టి వాసన ఇంకా చేతులకే ఉంది.

ప్రాజెక్టు సంగతి ఒక్క ముక్కలో: వేరుశనగ మొవ్వుకుళ్ళు వైరస్ మీద నాలుగు మొక్కల రసాలు ఏమైనా పనిచేస్తాయా అన్నది చూడాలి. అటికమామిడి వేరు, కాగితం పూల ఆకు, జొన్నాకు, వేపాకు. మొదటి రెండూ మా గైడ్ మేడమ్ చెప్పినవి. జొన్నాకు కషాయాన్ని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు ఈ తెగులుకే ఎప్పటినుంచో చెబుతున్నారు. కిలో ఆకుపొడిని రెండు లీటర్ల నీళ్ళలో 60 డిగ్రీల దగ్గర గంటసేపు కాచి, వడగట్టి, పది లీటర్లు చేసి కొట్టమంటారు. వేప మాత్రం నా సొంత పైత్యం. మా ఊళ్ళో ఏ తెగులు గురించి అడిగినా ముందు వచ్చే మాట అదే కాబట్టి పెట్టాను.

వేరుశనగ తెగులుకి అలసంద ఎందుకని నాయన ఫోన్‌లో అడిగాడు. మంచి ప్రశ్నే. వేరుశనగలో ఈ వైరస్ ఒకచోట దూరితే మొక్కంతా పాకుతుంది, మందు ఎంత పనిచేసిందో కొలవడానికి ఏమీ మిగలదు. సి-152 అలసంద తొలి ఆకుల మీద అలా కాదు. వైరస్ దూరిన ప్రతిచోటా ఒక మచ్చ వస్తుంది. ఆకు మీద మచ్చలు లెక్కపెడితే ఎన్నిచోట్ల దూరిందో తెలిసిపోతుంది. మైక్రోస్కోపు కూడా అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

జూలై 23

అటికమామిడి కోసం ఊరి బయట చెరువుకట్ట మీద రెండు గంటలు తిరిగి గోనెసంచి నిండా తెచ్చాను. వృక్షశాస్త్రం సార్‌కి చూపిస్తే సంచి బోర్లించి, రెండు కుప్పలు పెట్టి, ఒక కుప్ప పక్కకి తోసేశాడు. "ఇది అంబటిమాడమ్మా."

తప్పు నాదే అయినా, తప్పు చేయడం ఎంత తేలికో చెప్పాలి. రెండూ నేల మీద పాకేవే. రెండింటిలోనూ జంట ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండింటినీ మా వైపు గలిజేరు అనే పిలుస్తారు, ఒకరు తెల్ల గలిజేరు అన్నది ఇంకొకరికి ఎర్ర గలిజేరు. పువ్వు చూస్తే మాత్రం తేడా తెలిసిపోతుంది. అటికమామిడికి సన్నటి పొడుగాటి కాడల చివర బుల్లి బుల్లి గులాబీ ఎరుపు పూలు గుత్తులుగా ఉంటాయి. కాయలు జిగటగా ఉండి చీర కుచ్చిళ్ళకి, ప్యాంటుకి అంటుకుంటాయి. అంబటిమాడులో పువ్వు ఆకు మొదట్లో ఒంటరిగా, దాక్కున్నట్టు ఉంటుంది, ఆకు కండగా ఉంటుంది. నా ప్యాంటు నిండా కాయలున్నాయి కాబట్టి కనీసం సగమన్నా సరైన మొక్కే తెచ్చానని సార్ ఓదార్చాడు.

మూలికల మీద వచ్చే పరిశోధనల్లో సగం గొడవ ఇక్కడే మొదలవుతుందేమో. పేరు ఒకటి, సంచిలో ఉన్నది ఇంకొకటి. ఒక్కోదాన్ని పూతతో సహా పేపర్ల మధ్య నొక్కి, నంబరు వేసి, హెర్బేరియంలో ఇచ్చేశాను. అంబటిమాడుని కూడా పారేయలేదు. ఎలాగూ తెచ్చాను కదా, ఐదో రసంగా అదీ ఉంటుంది.

జూలై 29

తెల్లవారుజామున ఊరెళ్ళి మా చేలోనూ, పక్క చేలోనూ తెగులు పట్టిన మొక్కలు ఏరాను. లేతాకుల మీద పసుపు చుక్కలు, ఉంగరాల్లా వలయాలు. మొవ్వు మాడి వంగిపోయింది. కొంచెం ముదిరిన మొక్కల్లో పక్క కొమ్మలు గుబురుగా వచ్చి, చిన్న చిన్న ఆకులతో మొక్క పొదలా కుదించుకుపోయింది. కవర్లో చుట్టి ఐస్ డబ్బాలో పెట్టి పన్నెండుకల్లా ల్యాబ్‌కి వచ్చేశాను.

మధ్యాహ్నం మొదటి ఇనాక్యులేషన్, అంటే మొక్కకి వైరస్ ఎక్కించడం. తెగులు ఆకుని బఫర్‌తో (పులుపు మారకుండా కాపాడే ఉప్పుల ద్రావణం) రోట్లో నూరి, ఆ రసాన్ని అలసంద ఆకు మీద రుద్దడమే పని. ఆకు మీద ముందుగా 600 మెష్ కార్బోరండం పొడి చల్లాలి. దాని గరుకుకి ఆకు పైపొరలో కంటికి కనపడని గీతలు పడతాయి, వైరస్ ఆ గీతల్లోంచి దూరుతుంది. గట్టిగా రుద్దితే ఆకు చిరిగి మాడుతుంది. మరీ మెల్లగా రుద్దితే ఏమీ దూరదు. పసిబిడ్డకి నూనె రాసినట్టు రాయమని మేడమ్ అంటుంది. రుద్దిన వెంటనే నీళ్ళతో కడిగేయాలి.

ఇరవై నాలుగు మొక్కలకి రాసేసరికి గంట దాటింది.

ఆగస్టు 3

సున్నా.

ఒక్క మచ్చ లేదు. ఆకులు పచ్చగా, నిగనిగలాడుతూ, నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉన్నాయి. టెన్షన్‌తో నిన్న రాత్రి కూడా టార్చి వేసి చూశాను.

మేడమ్ నా నోట్‌బుక్ చదివి రెండు చోట్ల గీత గీసింది. బఫర్‌లో సోడియం సల్ఫైట్ వేయలేదు, డబ్బా అయిపోయిందని వదిలేశాను. రోలు చల్లబరచలేదు, రసాన్ని గంటసేపు బల్ల మీదే ఉంచాను. ఈ వైరస్ మహా సుకుమారం. చుట్టూ కొవ్వు పొర ఉన్న గుండ్రటి వైరస్ ఇది. మొక్కలో ఉన్నంతసేపే దాని దర్జా. రసంగా తీశాక, అందులోనూ మన ఎండల్లో, కాసేపట్లో చచ్చిపోతుంది. సల్ఫైట్ లాంటివి వేయకపోతే నూరిన ఆకు నల్లబడుతుందే, ఆ నల్లబడటమే దాన్ని చంపుతుంది. నేను నలభై నిమిషాల తర్వాత రాసిన మొక్కలకి రాసింది వట్టి ఆకు పసరు.

చేలో మందులన్నిటికీ లొంగకుండా పంటలు తినేసేది, నా రోట్లో గంటసేపు బతకలేకపోయింది. దీన్ని చంపడానికి నాకు అటికమామిడి ఎందుకు, బల్ల చాలు!

ఆగస్టు 16

రెండోసారి కుదిరింది. మళ్ళీ ఊరెళ్ళి కొత్త నమూనాలు తెచ్చాను. రోలు, రోకలి రాత్రంతా ఫ్రిజ్‌లో. 0.05 మోలార్ ఫాస్ఫేట్ బఫర్, పీహెచ్ 7, సల్ఫైట్ కలిపి, అంతా ఐస్ మీద. ఒకసారికి ఆరు మొక్కలకి సరిపడా మాత్రమే నూరాను.

నాలుగో రోజు పొద్దున మొదటి మచ్చలు. ముందు లేత పసుపు చుక్క, గుండుసూది తలంత. సాయంత్రానికి కొంచెం పెద్దదై, మర్నాటికి నడిమధ్య గోధుమరంగు. కొన్నింటిలో ఒక వలయం లోపల ఇంకో వలయం. తెగులు వచ్చినందుకు ఇంత సంబరపడే మనిషిని నన్నే చూశానని జూనియర్ నవ్వింది.

ఆగస్టు 20

మచ్చలు రాగానే పండగ చేసుకోకూడదని మేడమ్ ముందే చెప్పింది. పొగాకు స్ట్రీక్ వైరస్ కూడా ఇదే అలసంద మీద మచ్చలే వేస్తుంది. అందుకని నాలుగు చేల నమూనాలకీ ఎలీసా చేశాను, ఏ వైరస్ ఉందో రంగుతో చెప్పే పరీక్ష అది. ప్లేటు గుంటల్లో ఆకు రసం, కడగడం, యాంటీసీరం (ఒక్కో వైరస్‌ని పట్టుకునే యాంటీబాడీలున్న సీరం), కడగడం, ఎంజైమ్ తగిలించిన రెండో యాంటీబాడీ, మళ్ళీ కడగడం. చేసే పనిలో మూడొంతులు కడగడమే. చివర్న రంగు వచ్చే ద్రావణం పోసి కూర్చుంటే, వైరస్ ఉన్న గుంటలు మెల్లగా పసుపెక్కుతాయి. తెల్లకాగితం కింద పెట్టి చూస్తుంటే పల్చటి నిమ్మరసం రంగు, ఆ తర్వాత ముదురు పసుపు.

మూడు నమూనాలు మొవ్వుకుళ్ళువే. నాలుగోది, పక్క చేలోది, మొవ్వుకుళ్ళు సీరంతో తెల్లగానే ఉండిపోయి, స్ట్రీక్ సీరంతో పసుపెక్కింది. ఆ మొక్క కాండం మీద నల్లటి చారలున్నాయి, నేనే పట్టించుకోలేదు.

ఈ రెండో వైరస్ అంటే మా జిల్లాకి కొత్త కాదు. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగని ముంచింది ఇదే, నష్టం 300 కోట్ల పైమాటే. అప్పుడు మొదట అందరూ మొవ్వుకుళ్ళే అనుకున్నారు. తర్వాత తేలింది కాండం కుళ్ళు అని, దానికి కారణం పొగాకు స్ట్రీక్ వైరస్ అని. రెండింటికీ తామర పురుగులే (త్రిప్స్ అనే బుల్లి పురుగులు) కారణమని చెప్పేస్తాం కానీ, పని తీరులో పోలికే లేదు. మొవ్వుకుళ్ళు వైరస్‌ని పిల్ల పురుగు తింటూ ఎక్కించుకుంటుంది, అది పురుగు ఒంట్లోనే పెరుగుతుంది, రెక్కలొచ్చాక పెద్ద పురుగు దాన్ని మొక్కకి అంటిస్తుంది. స్ట్రీక్ వైరస్ పురుగు లోపలికి పోదు. అది వయ్యారిభామ అనే కలుపుమొక్క పుప్పొడిలో ఉంటుంది. పురుగు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొచ్చి, వేరుశనగ ఆకు మీద గీరుతుంటే ఆ గీతల్లోంచి వైరస్ దూరుతుంది. అంటే నేను కార్బోరండంతో చేసే పనే తామర పురుగు నోటితో చేస్తోంది.

వయ్యారిభామ విచిత్రం ఏమిటంటే, ఒంటినిండా వైరస్ ఉన్నా చాలాసార్లు పైకి ఏమీ కనపడదు. గట్టు మీద పచ్చగా, తెల్లటి పూలతో ఊగుతూ ఉంటుంది.

నాలుగో నమూనాని పక్కన పెట్టేసి, మిగతా మూడింట్లో ఒక్కదాన్నే ఇకపై వాడాలని నిర్ణయం.

సెప్టెంబర్ 1

ఇది కాస్త వివరంగా రాసుకోవాలి, మర్చిపోకూడదు.

ఆగస్టు 26న అసలు ప్రయోగం మొదలుపెట్టాను. పద్ధతి పాతదే. ఆకుకి నడి ఈనె ఉంటుంది కదా, కుడి సగానికి మందు రసం, ఎడమ సగానికి వట్టి బఫర్. మర్నాడు రెండు సగాలకీ వైరస్ ఎక్కించి, ఐదో రోజు మచ్చలు లెక్కపెట్టి పోల్చడం. ఒకే ఆకు కాబట్టి వయసు, ఎండ, నీళ్ళు అన్నీ సమానం. అందంగా ఉంటుంది ఈ పద్ధతి.

ఇవాళ లెక్క. జొన్నాకు: మందు సగంలో సగటున 31, బఫర్ సగంలో 58. బాగుంది. వేప: ఆకే మాడిపోయింది, మచ్చ ఏదో మాడు ఏదో తెలియడం లేదు. వైరస్ ఎక్కించకుండా వేప రసం మాత్రమే రాసిన మొక్కలూ ఉన్నాయి కాబట్టి సరిపోయింది. అవీ అలాగే మాడాయి. రసం చిక్కదనం తగ్గించాలి. అంబటిమాడు: రెండు సగాలూ నిండుగా మచ్చలు.

ఇక అటికమామిడి. మందు సగంలో 9, బఫర్ సగంలో 14.

చూడగానే నీరసం వచ్చింది. తేడా ఏదీ? పైగా రెండువైపులా ఇంత తక్కువంటే ఈ మొక్కలకి వైరస్ సరిగా ఎక్కలేదన్నమాట, మళ్ళీ రోలు వేడెక్కిందేమో అనుకున్నాను. నోట్‌బుక్‌లో 'ఫెయిల్' అని రాసి, కుండీలు బయట పెట్టేయబోయాను. వాటి వెనక వరసలో నాలుగు కుండీలున్నాయి. మిగిలిపోయిన మొక్కలు ఊరికే ఎందుకని, ఏ మందూ లేకుండా బఫర్ రాసి, అదే రోట్లోని అదే రసం ఎక్కించినవి. వాటి ఆకులు తిప్పి చూశాను. 60, 66, 57, 65.

మేడమ్‌ని పిలుచుకొచ్చాను. ఆమె రెండు వరసలూ చూసి, కుర్చీ లాక్కుని కూర్చుంది. అటికమామిడి వేరు రసం రాసినచోటే కాదు, రాయని భాగాల్లో కూడా మొక్కని గట్టిపరుస్తుందని లక్నోలో వర్మ, అవస్థి అనే పరిశోధకులు 1979లోనే రాశారట. కుడి సగానికి రాసింది ఎడమ సగానికి కూడా పోతే, సగం ఆకు పద్ధతి నాకు ఎలా ఉపయోగపడుతుంది? నేను పోల్చిన ఎడమ సగం కంట్రోలే (పోలిక కోసం మందు తగలకుండా ఉంచేది) కాదు. అది కూడా మందు తిన్నదే. అసలు కంట్రోల్ వెనక వరసలోని ఆ నాలుగు కుండీలు.

కాగితం పూలది కూడా దాదాపు అదే తీరు. అంటే ఈ రెండింటికీ ప్రయోగం మొత్తం మళ్ళీ చేయాలి, విడి విడి మొక్కలతో. మూడు వారాల పని. అయినా సాయంత్రం టీ తాగుతుంటే ఒకటే నవ్వు నాకు.

సెప్టెంబర్ 6

నవ్వు తగ్గింది.

జూనియర్ చేత అవే ఆకులు మళ్ళీ లెక్కపెట్టించాను. లేబుళ్ళ మీద టేపు అంటించి, కుండీలు కలిపేసి, ఏది ఏ మందో తనకి తెలియకుండా. నా 9 తనకి 16. నేను 60 అన్నచోట తనకి 56. తేడా ఇంకా పెద్దదే, కానీ నేను చూపించినంత పెద్దది కాదు. నేను కావాలని చేయలేదు. అటికమామిడి ఆకు మీద సందేహంగా ఉన్న లేత చుక్కని 'ఇది మచ్చ కాదులే' అనుకున్నాను, బఫర్ ఆకు మీద అలాంటి చుక్కనే మచ్చ కింద వేసుకున్నాను. చేయి దానంతట అదే అలా పోయింది.

ఇకపై లెక్క జూనియర్‌ది, లేబుళ్ళ గుట్టు నాది.

సెప్టెంబర్ 14

ఊళ్ళో ఉన్నాను. అక్కకి ఆడపిల్ల, నెల ముందే, రెండు కిలోల నూట యాభై గ్రాములు. ప్రాజెక్టు డైరీలో ఇది ఎందుకంటే, ఇక్కడ కూడా అదే గొడవ కాబట్టి.

ఆస్పత్రిలో నర్సమ్మ పాపని అక్క గుండెల మీద, చర్మానికి చర్మం తగిలేలా పెట్టి దుప్పటి కప్పింది. రోజంతా వీలైనంతసేపు అలాగే ఉంచమంది. అవ్వకి నచ్చలేదు. "పచ్చి బాలింతకి పడుకోనీకుండా ఇదేం వైద్యమే?" అని గొణిగి, కొంగు ముడిలోంచి వస కొమ్ము తీసింది. సానరాయి మీద తల్లిపాలతో అరగదీసి నాలుకకి రాయాలట, మాటలు బాగా వస్తాయట, నాకూ రాశారట.

"మరి నేను ఎక్కువ మాట్లాడతానని రోజూ తిడతావు కదా అవ్వా!" అంటే నవ్వింది కానీ కొమ్ము లోపల పెట్టలేదు.

ఆరు నెలలదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని నర్సమ్మ చెప్పింది. నేను నా చదువు కూడా చూపించాను. వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉందని, దాని వల్ల ఎలుకల్లో గడ్డలు వచ్చాయని, అమెరికాలో 1968లోనే తిండిలో వాడకూడదన్నారని చెప్పాను. అవ్వ విని, "మీ నాయనకి రాసినా, వాడు ఎలుకా?" అంది. నాయనకి వస రాయకపోతే ఎలా ఉండేవాడో చూపించే రెండో నాయన లేడు కదా. అవ్వకి ఆ మాట చెప్పలేదు. కొమ్ము మాత్రం తీసుకుని నా బ్యాగులో వేసుకున్నాను, ల్యాబ్‌లో చూస్తానని. ల్యాబ్ అంటే అవ్వకి కొంచెం గౌరవమే.

రాత్రి అక్క నిద్రపోతే పాపని నా గుండెల మీద కాసేపు పెట్టుకున్నాను. ఇలా గుండెకి హత్తుకునే ఈ కంగారూ పద్ధతి కొలంబియాలోని బొగొటాలో 1970ల చివర్లో, ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. గతిలేక మొదలుపెట్టిన పని నిజంగా మేలా కాదా అని తర్వాత పెద్ద పెద్ద ట్రయల్స్ చేశారు. 2021లో వచ్చిన దాంట్లో ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాతోపాటు మన ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి కూడా ఉంది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల లోపు బరువున్న 3,211 మంది పిల్లలు. పుట్టిన వెంటనే తల్లి గుండెకి హత్తుకున్న వాళ్ళలో 28 రోజుల్లోపు చనిపోయినవాళ్ళు 12 శాతం. బిడ్డ కుదుటపడ్డాకే తల్లి దగ్గరికి చేర్చే మామూలు పద్ధతిలో 15.7 శాతం. తేడా అంత స్పష్టంగా కనపడేసరికి మధ్యలోనే ట్రయల్ ఆపేశారు.

అక్కడ లేబుల్‌కి టేపు అంటించడం కుదరదు. బిడ్డ గుండె మీద ఉందో లేదో తల్లికి తెలియకుండా ఎలా ఉంటుంది? అందుకే వాళ్ళు లెక్కపెట్టింది ప్రాణాలని. లేత చుక్కా, ముదురు మచ్చా అని నాలాగా తడబడటానికి అక్కడ వీల్లేదు.

సెప్టెంబర్ 29

విడి మొక్కల ప్రయోగం ముగిసింది, ఏది ఏ మందో తెలియకుండా జూనియర్ పెట్టిన లెక్కతోనే. అటికమామిడి నిలబడింది, ఒక రోజు ముందు రాసినప్పుడు. కాగితం పూలది కూడా. జొన్నాకుది ఓ మోస్తరు. వేపని పల్చన చేస్తే ఆకు మాడలేదు, మచ్చలూ తగ్గలేదు. నా సొంత పైత్యం అలా ముగిసింది. అంబటిమాడులో ఏమీ లేదు, అంటే జూలైలో సంచి బోర్లించకుండా రెండింటినీ కలిపి నూరి ఉంటే అటికమామిడి కూడా సగం చచ్చేది.

వైరస్ ఎక్కించిన మర్నాడు రాస్తే మాత్రం ఏ రసమూ పనిచేయలేదు. మచ్చలు బఫర్ మొక్కలతో సమానం. వైరస్ కణంలోకి దూరాక ఇంక తలుపు వేసి లాభం లేదు.

ఒక జాగ్రత్త కూడా రాసుకోవాలి. కాగితం పూల ఆకులోనూ, చంద్రకాంత మొక్కలోనూ ఉండే, వైరస్‌ని అడ్డుకునే ప్రొటీన్లు రైబోజోమ్‌లోని (కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం) ఆర్‌ఎన్‌ఏ నుంచి ఎడినిన్ అనే ఒక ముక్కని ఊడబెరుకుతాయి. ఆముదం గింజలోని రైసిన్ కూడా ఈ కుటుంబమే. రైసిన్‌కి కణంలోకి దూరే రెండో గొలుసు ఉంది కాబట్టి అది విషం, వీటికి లేదు కాబట్టి ఇవి అంత ప్రమాదం కాదు. అయినా ఆకు పసరే కదా అని చేతులకి గ్లౌజులు లేకుండా నూరడం మానేశాను.

అక్టోబర్ 4

నాయన ఫోన్. "ఇంతకీ ఆ అటికమామిడి రసం చెనిక్కాయకి కొట్టాల్నా, వద్దా?"

వద్దన్నాను. నేను చూసింది అలసంద ఆకు మీద, నీడ ఉన్న గ్లాస్‌హౌస్‌లో. చేలో తామర పురుగు రోజూ వస్తుంది, వాన పడితే రసం కడుక్కుపోతుంది, ఎకరాకి ఎన్ని వేర్లు తవ్వాలో లెక్క కూడా వేయలేదు. వచ్చే నెల కుండీల్లో వేరుశనగ వేసి చూస్తాం, ఆ తర్వాతే చేను సంగతి.

"అయితే ఈ మూడు నెలలూ ఏం చేసినట్టు?"

"పక్క చేలోది మొవ్వుకుళ్ళు కాదు నాయనా, కాండం కుళ్ళు. మన గట్టు మీద వయ్యారిభామ ఉంది చూడు, అది పూతకి రాకముందే పీకించు. వచ్చే ఏడు చేను చుట్టూ నాలుగు సాళ్ళు సజ్జ వెయ్యి, పురుగు అక్కడే ఆగుతుంది."

"సజ్జ మీ తాత కూడా వేసేవాడు," అన్నాడు. ఎందుకు వేసేవాడో తనకి తెలియదట, పిట్టలకి అనుకునేవాడట.

కదిరి లేపాక్షి రకం వేరుశనగ గింజలు రెండు కిలోలు పంపమన్నాను. నలభై కుండీలు కడిగి ఎండలో బోర్లించాం. జూనియర్ కొత్త లేబుళ్ళు రాస్తోంది, ఈసారి మందుల పేర్లు లేకుండా వట్టి అంకెలు.